వంతెన దగ్గర ఆగిన బస్సు

మే 26, ఆదివారం

ఈ డైరీ ఎవరికీ చూపించను. కాబట్టి ఇందులో అందంగా రాయాల్సిన అవసరం లేదు. అయినా అందంగానే రాస్తాను. చెయ్యి అలవాటు పడాలి కదా.

ఈరోజు దొరికిన మాట: మసక. పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే కానీ ఈరోజే దాన్ని సరిగ్గా చూశాను. పలుకుతుంటే అంచులు అరిగిపోయిన నాణెంలా ఉంటుంది. నాన్న కళ్లకి మొదట మసక వచ్చింది. తర్వాత ఆ మసక కూడా పోయింది.

నాన్న కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కింద రోడ్డు మీద పోయే బస్సుల్ని వింటున్నాడు. వింటూ వింటూ ఉన్నట్టుండి, "తల్లీ, సినిమాకి వెళ్దామా?" అన్నాడు.

అమ్మ కుట్టుమిషను ఆపింది. చూపులేని మనిషికి సినిమా ఏమిటని అనలేదు. కానీ మిషను ఆగిన తీరులో ఆ మాట ఉంది.

"అదే, కొత్తగా వచ్చిన బస్సు సినిమా. పోస్టరు మీద బస్సు బొమ్మ ఉందట, మా బండి కండక్టరు చెప్పాడు. వాడికి ఇంకా సెలవు దొరకలేదు చూడటానికి. అందులో ఆ హీరో బస్సుని ఏం చేస్తాడో చూడాలి నేను."

నాన్న బస్సుని ఎప్పుడూ ఏమీ చేయలేదు. డిపోలో ఆయన పేరు 'నిదానం'. అసలు పేరు అడిగితే సగం మంది తెల్లమొహం వేస్తారు. ఇన్నేళ్లలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు, ఒక్క ప్రయాణికుడి చేత అబ్బా అనిపించలేదు. కళ్లు అనుమానం పెట్టిన రోజే తాళాలు అప్పజెప్పి ఇంటికొచ్చేశాడు. అలాంటి మనిషికి సినిమా మాత్రం ఎగిరిపడేది కావాలి. కార్లు తగలబడాలి, రైళ్లు పట్టాలు తప్పాలి. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు.

"నువ్వు పక్కన కూర్చుని చెప్పు. నువ్వు చెబితే నేను చూసినట్టే."

నేనే ఎందుకో నాకు తెలుసు. చలికాలంలో కంటి రిపోర్టు వచ్చినప్పుడు డాక్టరు "చూద్దాం" అన్నాడు. అమ్మ "తగ్గిపోతుందటండీ" అంది. నాన్న ఆ కాగితం నా చేతిలో పెట్టి "చదువు" అన్నాడు. చదివి, ఇక రాదని ఉంది నాన్నా అన్నాను. అమ్మ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నాన్న మాత్రం అప్పటినుంచీ ఏదైనా నన్నే అడుగుతాడు. పాలు విరిగాయా, చొక్కా మీద మరక ఉందా, అమ్మ ఏడ్చిందా. వచ్చినవాళ్లందరికీ చెబుతాడు: "మా అమ్మాయి చూసింది చూసినట్టు చెబుతుంది." మా ఇంట్లో నా ఉద్యోగం అది.

మే 31, శుక్రవారం

కాలేజీ నుంచి నేరుగా మధ్యాహ్నం ఆటకి ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. ఆదివారం నాన్నకి చెప్పాలంటే ముందు నేను చూసి ఉండాలి. పాఠం చదవకుండా పరీక్షకి వెళ్లే రకాన్ని కాదు.

ఏం సినిమా అది! హీరో సిటీ బస్సు డ్రైవరు. మొదటి సీనులోనే అద్దాల పైకప్పు పగలగొట్టుకుని మోటారు సైకిలు మీద తలకిందులుగా ఊడిపడతాడు, చేతులు రెండూ వదిలేసి. ఎందుకు వదిలేశాడో దేవుడికే తెలియాలి. తుపాకులు పేలుతుంటే గొడుగు తెరుస్తాడు, గుళ్లన్నీ వానచినుకుల్లా జారి కింద పడతాయి. ఒకణ్ణి ఒక్క గుద్దు గుద్దితే వాడు ఒక గోడలోంచి, ఆ పక్క గోడలోంచి, ఆ పై గోడలోంచి దూసుకుపోయి ఎవరో స్నానం చేస్తున్న తొట్టెలో పడతాడు. ఇక ఆఖర్న బస్సు. వంతెన మధ్యలో తెగిపోయి ఉంటుంది. వీడు ఆపడు. బస్సు నిండా జనం. బస్సు గాల్లోకి లేచి, వెనక చక్రంతో హెలికాప్టరుని ఒక్క తన్ను తన్ని, అవతలి ముక్క మీద దిగుతుంది. లోపల ఒక ముసలావిడ టీ తాగుతూ ఉంటుంది. చుక్క ఒలకదు.

హాల్లో జనం సీట్ల మీదికెక్కారు. నేను తల దించుకున్నాను. ఎవరైనా మా క్లాసువాళ్లు చూస్తే?

ఇదంతా నాన్న చెవిలో నేను ఎలా చెప్పను? నా నోటితో?

మా తెలుగు మేడం ఈ వారమే అన్నారు: ఏం రాయాలో అందరికీ తెలుసు, ఏం కొట్టెయ్యాలో తెలిసినవాళ్లే రచయితలు. ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచించాను. ఈ సినిమాలో కొట్టెయ్యాల్సినవి కొట్టేస్తే లోపల ఒక మంచి కథ ఉంది. బాధ్యత గల డ్రైవరు, ఆపదలో జనం, ఒక వంతెన. నాన్న జీవితానికి దగ్గరగా ఉంటుంది. నాన్నకి అది కావాలి.

బస్సు ఘట్టానికి మంచి వాక్యం దొరికింది. "తెగిన వంతెన అంచున బస్సు ఊపిరి బిగబట్టి నిలిచింది."

నిలిచింది. 'ఆగింది' కాదు, 'నిలిచింది'. మెట్లెక్కుతూ పైకే అనుకున్నాను. కింది వాటా ఆవిడ "ఏంటమ్మాయ్, నీలో నువ్వే?" అంది.

సినిమాలో బస్సు నిలవదు. అది వేరే సంగతి.

జూన్ 2, ఆదివారం

వెళ్లొచ్చాం. చాలా బాగా జరిగింది.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. వెనకనుంచి రెండో వరుసలో మూల సీట్లు. లైట్లు ఆర్పగానే, "ఆర్పేశారా? ఇప్పుడు అందరూ నాలాంటివాళ్లే" అని నవ్వాడు.

"వచ్చాడు నాన్నా హీరో."

"ఎలా వచ్చాడు?"

"తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు."

"అద్దాలు పగిలినట్టున్నాయే?"

"అద్దాల తలుపు నాన్నా. విసురుగా తీశాడు."

కొట్లాట అయ్యాక అడిగాడు, ఎంతమందిని కొట్టాడని. ముగ్గుర్ని అన్నాను. "అరుపులు చాలా వినపడ్డాయే" అన్నాడు. ఆ ముగ్గురే గట్టిగా అరిచారని చెప్పాను.

వంతెన వచ్చింది. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఇంజను రొద హాలంతా నిండింది. తర్వాత ఏమీ లేదు, ఒక్క క్షణం సద్దు లేదు. ఆ నిశ్శబ్దంలో నా వాక్యం చెప్పాను. తెగిన వంతెన అంచున బస్సు ఊపిరి బిగబట్టి నిలిచింది. గొంతు ఎక్కడా తొణకలేదు. తర్వాత పెద్ద చప్పుడు, ఈలలు.

"అదేంటమ్మా?"

"వంతెన కూలింది నాన్నా. వీళ్లు ఇవతలే ఉన్నారు."

"మరి ఈలలు?"

"ప్రాణాలు దక్కాయి కదా, అందుకని."

"ఓహో" అన్నాడు నాన్న. మణికట్టు వదిలేశాడు.

బయటికొచ్చాక, "బాగా చెప్పావు తల్లీ. పుస్తకం చదివినట్టుంది" అన్నాడు. పుస్తకం చదివినట్టుందట! ఈరోజు వేరే మాట వెతుక్కోను, ఇది చాలు.

జూన్ 3, సోమవారం

పొద్దున్న నాన్న అడిగాడు: "అంత స్పీడులో వచ్చిన బండి ఆగితే బ్రేకు కీచుమనాలే. వినపడలేదేం?" సినిమావాళ్లు అంత శ్రద్ధ పెట్టరు నాన్నా అన్నాను. నిజమే కదా. పెట్టరు.

జూన్ 9, ఆదివారం

ఇంకో సినిమా వచ్చింది, ఓడలు పేల్చేది. శుక్రవారమే చూసి సిద్ధం చేసి పెట్టుకున్నాను. "వెళ్దామా నాన్నా?" అంటే, "వద్దులేమ్మా" అన్నాడు.

"ఏం?"

"ఏముంది అందులో. మునుపు సినిమా చూసి బయటికొస్తే కాళ్లు నేలమీద ఆనేవి కావు. రోడ్డు దాటుతుంటే నాకే బస్సు గుద్దినా ఏం కాదనిపించేది. ఇప్పుడు సినిమాలు కూడా మా డిపోలా తయారయ్యాయి. హీరో బుద్ధిగా తలుపు తీసుకుని వస్తున్నాడు, బుద్ధిగా బండి ఆపుతున్నాడు. దానికి టికెట్టెందుకు? నేను నడిపిన బస్సు చాలదూ?"

నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

వయసుతోపాటు మనిషికి అభిరుచి మారుతుంది. నాన్నకి ఆ గోల మీద మోజు తీరిపోతున్నట్టుంది. మంచిదే. ఈమధ్య నాన్న రేడియో కూడా పెట్టుకోవడం లేదు. ఊరికే కూర్చుంటున్నాడు.

మాట: అభిరుచి.

జూన్ 12, బుధవారం

బాబాయి వచ్చాడు. బుధవారం ఆయన వారపు సెలవు. నాన్న నడిపిన బస్సులో ఆయన కండక్టరు, చుట్టరికం ఏమీ లేదు, అయినా నాకు బాబాయే. నాన్నని చూడటానికి మొదట్లో డిపో అంతా వచ్చింది. ఇప్పుడు ఈయన ఒక్కడే వస్తాడు.

మెట్ల మీదినుంచే అరుచుకుంటూ వచ్చాడు. "అన్నా! నిదానం అన్నా! చూసేశాను! లేచింది అన్నా!"

"ఏం లేచిందిరా?"

"బస్సు! ఇంకేం లేస్తుంది? వదినా, ఆ స్టూలు ఇలా ఇవ్వండి." స్టూలు గది మధ్యలో వేసుకుని కూర్చున్నాడు. అమ్మ మిషను మీదున్న గుండ్రటి దారపు డబ్బా తీసుకుని స్టీరింగులా పట్టుకున్నాడు. "ఇదిగో, ఇలా వస్తున్నాడు. ముందు వంతెన లేదు. వెనక హెలికాప్టరు. బస్సులో జనం గోల. వాడు అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకున్నాడు అన్నా! సర్దుకుని, తొక్కాడు!"

నాన్న కుర్చీలో ముందుకి జరిగాడు.

"మనం స్పీడు బ్రేకరు వస్తే ఏం చేసేవాళ్లం? నువ్వు బండి ఆపి, దానికో దణ్ణం పెట్టి, నెమ్మదిగా దాటించేవాడివి. జనం నన్ను తిట్టేవాళ్లు. తాగినోడెవడో లేచి 'ఇది బస్సా, శవయాత్రా' అనేవాడు. నువ్వు వెనక్కైనా తిరక్కుండా 'సరే సరే, మీరే కరెక్టు, కూర్చోండి' అనేవాడివి. అదే గొంతుతో, ఎప్పుడూ! ఆ బస్సు గాల్లోకి లేస్తుంటే ఆ సీట్లో నాకు నువ్వే కనపడ్డావన్నా. ఒట్టు."

"లేచిందా?" నాన్న సగం లేచి నిలబడ్డాడు. చేతులు కుర్చీని వదిలేశాయి. "నాలుగు చక్రాలూనా?"

"నాలుగేంటన్నా, ఆరూ! లోపల ముసలావిడ టీ తాగుతోంది. చుక్క ఒలికితే చెప్పుచ్చుకుని కొట్టు."

నాన్న మొహం అలా ఉండగా చూసి చాలా కాలమైంది. ఎలా ఉందో రాయడానికి మాట లేదు నా దగ్గర. అంతలో ఆ మొహం నావైపు తిరిగింది. నేను నిలబడ్డ చోటికి సరిగ్గా కాదు, కాస్త పక్కకి.

"ఏమ్మా? ఆగిందన్నావు కదా?"

అమ్మ మిషను ఆపేసింది.

"బాబాయి సంగతి తెలిసిందేగా నాన్నా" అన్నాను. "అన్నీ పెంచి చెబుతాడు."

నవ్వుతూనే అన్నాను. బాబాయి కూడా ముందు నవ్వాడు. "ఏమ్మా పంతులమ్మా, నేను పెంచానా? మామూలుగా పెంచుతాననుకో. కానీ ఇది పెంచడానికి ఖాళీ ఎక్కడుంది? నువ్వూ చూశావుగా. చెప్పు, ఏమైంది అక్కడ?"

"ఆగింది."

బాబాయి నన్ను చూశాడు. నేను దారపు డబ్బా వైపు చూశాను.

నాన్న తడుముకుని మళ్లీ కూర్చున్నాడు. "ఒరేయ్" అన్నాడు మెల్లగా. "గుడ్డివాణ్ణి సంతోషపెట్టాలని కథలు చెబుతున్నావా?"

"అన్నా, అదేం మాట?"

"మా అమ్మాయి చూసింది చూసినట్టు చెబుతుందిరా. కళ్లు రావని కూడా అదే చెప్పింది, ఇంకెవరికీ నోరు రాలేదు. నాకు ఇలాంటి జాలి వద్దు. దాని బదులు డిపో కబుర్లు చెప్పు."

బాబాయి స్టూలు తీసి గోడ పక్కన పెట్టాడు. దారపు డబ్బా అమ్మ చేతికిచ్చాడు. "వస్తా అన్నా" అన్నాడు. టీ సగమే తాగాడు.

జూన్ 13, గురువారం

బాబాయి పెంచి చెబుతాడు. అది డిపోలో అందరికీ తెలుసు.

జూన్ 14, శుక్రవారం

బాబాయి పెంచే చెబుతాడు. టీ సంగతి నిజమే. ఆరు చక్రాల సంగతీ నిజమే. అయినా మామూలుగా పెంచి చెబుతాడు.

కాలేజీలో వ్యాసానికి మొదటి స్థానం వచ్చింది. మేడం క్లాసులో చదివి వినిపించారు. ఇంటికొచ్చి చెప్పలేదు.

జూన్ 19, బుధవారం

నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా "వాడేనా?" అన్నాడు. కింది వాటా ఆవిడ, తర్వాత గ్యాసు బండ, తర్వాత పక్కింటి పిల్లలు.

అమ్మ ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

సాయంత్రం నాన్న చొక్కా విప్పి మడత పెట్టమని అమ్మకిచ్చాడు. "డ్యూటీ పడి ఉంటుంది" అన్నాడు. కాసేపయ్యాక అన్నాడు: "కాస్త గట్టిగా అన్నట్టున్నాను. వాడేం తప్పు చేశాడని. నా కోసమే కదా కల్పించాడు."

నేను పక్కగదిలో చదువుకుంటున్నాను. అదే పేజీ.

జూన్ 20, గురువారం

జూన్ 2న రాసినదాంట్లో ఒకటి వదిలేశాను. ఇప్పుడు రాస్తాను.

హాల్లో మా వెనక సీట్లో ఒకాయన ఉన్నాడు. మొదట్లో విసుక్కున్నాడు, "అమ్మాయ్, ఆ వ్యాఖ్యానం ఇంట్లో పెట్టుకో" అని. నాన్న వెనక్కి తిరిగి "నాకు కళ్లు కనపడవు బాబూ, నాకోసం చెబుతోంది" అన్నాడు. ఆయన పాపం చాలా నొచ్చుకుని, అక్కణ్ణుంచీ మాట్లాడలేదు. బస్సు లేచినప్పుడు నేను 'నిలిచింది' అన్నాను కదా, ఆయన విన్నాడు. ముందుకి వంగి, నా చెవి దగ్గర, "అదేంటమ్మా, ఆగిందంటావేం, అది..." అన్నాడు. నేను వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టుకుని ఆయన్ని చూశాను. ఆయన నోరు మూసుకున్నాడు. సినిమా అయ్యేదాకా తెర మానేసి నన్నే చూశాడేమో, మెడ మీద తెలుస్తూనే ఉంది. నాన్న ఎవరని అడిగితే, ఎవరో సీటు నంబరు అడుగుతున్నారని చెప్పాను.

అప్పుడు ఒక్క మాట చాలు. "లేచింది నాన్నా" అంటే సరిపోయేది. గాలి ఇంకా బస్సు కిందే ఉంది.

మేడం మీదికి తోసెయ్యాలని చూశాను. మేడం చెప్పింది నా రాతల గురించి, నాన్న కళ్ల గురించి కాదు. డ్రైవరుగా నాన్న మనసు నొచ్చుకుంటుందని దాచానని రాద్దామనుకున్నాను, సగం రాసి కొట్టేశాను. అది కూడా కాదు. నా దగ్గర ఒక మంచి వాక్యం ఉంది. ఆ వాక్యంలో బస్సు ఆగితేనే బాగుంటుంది. అంతే.

జూన్ 21, శుక్రవారం

కాలేజీకి వెళ్లేముందు చెప్పేశాను. నాన్న పళ్లు తోముకుని వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నాన్నా, బస్సు ఆగలేదు. లేచింది. బాబాయి చెప్పిందే నిజం."

నాన్న చెయ్యి చాచి నా తల వెతుక్కున్నాడు. "బాబాయి రావడం లేదనేగా ఇది?"

"కాదు నాన్నా. నిజంగా లేచింది. నేనే తప్పు చెప్పాను."

"నీకు అబద్ధం రాదు తల్లీ. చూడు, గొంతు ఎలా వణుకుతోందో."

వణుకుతూనే ఉంది. ఆరోజు వణకలేదు.

అన్నీ చెప్పాను. పైకప్పు, తలకిందుల మోటారు సైకిలు, గొడుగు, మూడు గోడలు, స్నానాల తొట్టె, హెలికాప్టరు. ఒకదాని మీద ఒకటి పడి వచ్చేశాయి, ఏ వాక్యమూ సరిగ్గా లేదు. నాన్న కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "గొడుగు బాగుంది! ఇంత అల్లగలవని నాకు తెలుసు. రాసి సినిమావాళ్లకి పంపు, డబ్బులిస్తారు."

"అల్లలేదు నాన్నా."

"సరే. బస్సుకి టైమవుతోంది, వెళ్లు. వాడు వస్తాడులే. నేనే ఫోను చేస్తాను."

అమ్మ గుమ్మం దాకా వచ్చింది. చెప్పులు వేసుకుంటుంటే నెమ్మదిగా అంది: "లేచిందా నిజంగా?"

"లేచిందమ్మా."

"మరి ఎందుకే?" అంది. జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

జూన్ 22, శనివారం

డిపోకి వెళ్లాను. బాబాయి బస్సు ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఆగి ఉంది. మెట్టు మీద కూర్చుని భుజానికున్న సంచి సర్దుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏమ్మా పంతులమ్మా, ఇలా వచ్చావు?"

"తప్పు నాదే బాబాయ్. నాన్నకి నేనే అబద్ధం చెప్పాను."

"అది నాకు తెలుసు. నేను చూసిన సినిమా నాకు తెలీదూ? ఎందుకు చెప్పావన్నదే తెలీలేదు. ఇంటికెళ్లి మీ పిన్నితో అన్నాను, ఆ పిల్లకి నా మీద ఏం కోపముందోనని."

"కోపం కాదు బాబాయ్. ఒక వాక్యం బాగా కుదిరింది. అందుకని."

"వాక్యమా?" అన్నాడు. ఇంకా ఏదో వస్తుందని చూశాడు. "వాక్యం కోసం నన్ను అబద్ధాలకోరుని చేశావా? అదీ అన్న దగ్గర? ఈ డిపోలో నేను ఎవరి దగ్గరైనా కోతలు కోస్తాను, అన్న దగ్గర కోసినా ఆయనకి తెలిసిపోతుంది, నవ్వుతాడు. ఆరోజు నవ్వలేదు చూశావా? గుడ్డివాణ్ణని అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎప్పుడైనా విన్నావా నువ్వు?"

వినలేదు. ఆరోజే మొదటిసారి.

డ్రైవరు ఎక్కి హారను కొట్టాడు. బాబాయి లేచాడు. "నాకు చెప్పావు సరే. ఆయనకి చెప్పు."

"చెప్పాను. నమ్మడం లేదు. మీరు రావడం లేదని నేను అల్లుతున్నానట."

బాబాయి కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, "గురువారంతో తీసేస్తున్నారట సినిమా" అన్నాడు. "రేపు డ్యూటీ మార్చుకుంటాను. అన్నని తీసుకురా. ఈసారి నువ్వు నోరు మూసుకుని కూర్చో. నేను చెబుతాను."

జూన్ 23, ఆదివారం

హాల్లో జనం పల్చగా ఉన్నారు. అవే మూల సీట్లు. నాన్నకి ఎడం పక్క బాబాయి, కుడి పక్క నేను. దారిలోనే ఇద్దరూ మాటల్లో పడ్డారు, మధ్యలో ఏమీ జరగనట్టే. "రాకుండా ఎక్కడికి పోతావురా" అన్నాడు నాన్న. "నీలాంటి నిదానం మనిషి మీద అలిగితే నువ్వొచ్చి బతిమాలేసరికి రిటైరైపోతాను" అన్నాడు బాబాయి.

సినిమా మొదలైంది. బాబాయికి గుసగుస చేతకాదు.

"పగిలింది అన్నా, పైకప్పు! పడుతున్నాడు, పడుతున్నాడు, బండి మీద! తలకాయ కిందికి! చేతులు వదిలేశాడు!"

"ఎందుకురా వదలడం?"

"ఎందుకేంటన్నా, వదిలేశాడంతే! వీడి ధైర్యం వీడిది!"

నాన్న తొడ మీద చరిచి నవ్వాడు. గొడుగు దగ్గర నవ్వాడు. గోడల దగ్గర బాబాయి ఒక్కో గోడకీ ఒక్కో దెబ్బ సీటు చేతి మీద వేశాడు, తొట్టెలో పడగానే నాన్న ముందు సీటు పట్టుకుని ఊగిపోయాడు. చలికాలం తర్వాత సినిమా హాల్లో ఆ నవ్వు ఇదే వినడం. బాబాయి చెప్పేదాంట్లో ఒక్క వాక్యమూ పూర్తి కాలేదు. నేను చీకట్లో కూర్చుని వింటున్నాను. తెర వైపు కూడా చూడలేదు. బాబాయి చెబుతుంటే నాకే కనపడుతోంది.

వంతెన. ఇంజను రొద. నాన్న బాబాయి చెయ్యీ పట్టుకున్నాడు, నా చెయ్యీ పట్టుకున్నాడు. తర్వాత ఆ నిశ్శబ్దం.

"లేచింది!" బాబాయి సీట్లోంచి లేచిపోయాడు. "లేచింది అన్నా! ఆరూ లేచాయి! గాల్లో ఉంది! గాల్లోనే ఉంది! తన్నింది! దిగుతోంది, దిగుతోంది... దిగింది!"

నాన్న చప్పట్లు కొట్టాడు. రెండు చేతులూ పైకెత్తి గట్టిగా కొట్టాడు. ముందు వరుసలోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు ఏడుపొచ్చింది. అయిపోయింది, సరైపోయింది అనుకున్నాను.

బయట బాబాయి టీ తెస్తానని వెళ్లాడు. నేనూ నాన్నా గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాం. నాన్న ఇంకా చిన్నగా నవ్వుకుంటున్నాడు. బాబాయి అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, నావైపు వంగాడు.

"తల్లీ, అక్కడ ఆగింది కదూ?"

నేను నాన్న మొహంలోకి చూశాను.

"పాపం, ఎంత కష్టపడి కల్పించాడో చూశావా? నేను నవ్వకపోతే మళ్లీ చిన్నబుచ్చుకుంటాడు. అందుకే చప్పట్లు కూడా కొట్టాను. గట్టిగా కొట్టానా?"

"నాన్నా, లేచింది. ఒట్టు నాన్నా. అమ్మ మీద ఒట్టు."

"మీరిద్దరూ కూడబలుక్కున్నారని నాకు తెలుసులే."

"కావాలంటే ఎవర్నైనా అడుగు. అదిగో, ఆయన్ని పిలుస్తాను, ఆయనా చూశాడు..." లేచాను. నాన్న నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. గట్టిగా కాదు.

"పరాయివాళ్లని కూడా ఎందుకమ్మా ఇందులోకి." తర్వాత వెనక్కి ఆనుకుని, తల తిప్పకుండా, ఎదురుగా ఉన్న రోడ్డు వైపే మొహం పెట్టుకుని అన్నాడు: "సరే సరే. నువ్వే కరెక్టు. కూర్చో."

బాబాయి మూడు టీలు పట్టుకుని వచ్చాడు.

జూన్ 24, సోమవారం

ఈరోజు మాటేమీ వెతుక్కోలేదు.

నాన్న కిటికీ దగ్గర ఉన్నాడు. కింద బస్సు ఆగింది, జనం దిగారు, కదిలింది. పొద్దున రేడియో పెట్టమన్నాడు. బుధవారం బాబాయి వస్తానన్నాడు. ఓడల సినిమాకి ముగ్గురం వెళ్దామన్నాడు నాన్న. "వాడు కోతలు కోస్తాడు, నువ్వు పక్కన ఉండి అసలు సంగతి చెబుదువుగాని" అన్నాడు.

వంతెన మధ్యలో తెగి ఉంది. బస్సులో జనం ఉన్నారు. డ్రైవరు అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. బస్సు ఆగలేదు. ఆరు చక్రాలూ నేల వదిలి పైకి లేచాయి. ముసలావిడ చేతిలో టీ ఉంది. ఒలకలేదు. వెనక చక్రం హెలికాప్టరుకి తగిలింది. బస్సు అవతల దిగి, వెళ్లిపోయింది.

చూసింది చూసినట్టు రాశాను.